ముందుగా మోగిన గట్టిమేళం

నాకు కుదురు తక్కువ. పొయ్యి మీద పాలు పెట్టి వీధి గుమ్మంలోకి వెళ్ళిపోతాను. కూర తరుగుతూ తరుగుతూ లేచి రేడియో పెడతాను, పాట సగంలో ఉండగా ఇంకేదో గుర్తొచ్చి దొడ్లోకి పోతాను. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే" అనేది మా అమ్మ. అలాంటి నన్ను గంటసేపు ఒకచోట కూర్చోబెట్టింది సంగీతం ఒక్కటే. పెళ్ళికి ముందు బెజవాడలో ఒక పంతులమ్మగారి దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్నాను. వర్ణాలు దాటి కీర్తనల్లో పడ్డానో లేదో పెళ్ళి చేసేశారు.

మా అత్తగారిది బందరు దారిలో ఒక నేత ఊరు. ఇంట్లో నాలుగు మగ్గాలు. అక్కడ నేసిన చీరలు మా ఆయన బెజవాడ తెచ్చి వన్‌టౌన్‌లో అమ్మేవారు కాబట్టి మా కాపురం మాత్రం బెజవాడలోనే. మనిషి మంచివారు. పాట విషయంలో మాత్రం ఆయనకీ గోడకీ పెద్ద తేడా లేదు. నేను గొంతెత్తి రాగం అందుకుంటే "ఏమైనా కావాలా?" అని పక్కగదిలోంచి అడిగేవారు. ఏం చెప్పను? కావలసింది ఆయన దగ్గర లేదు.

అందుకే మా పాపకి మూడేళ్ళు నిండగానే దాన్ని పట్టుకున్నాను. ఎవరైనా అడిగితే "మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్ద ఆరిందాలా చెప్పేదాన్ని. అది అబద్ధం. నాకు కావలసింది శిష్యురాలు కాదు, తోడు. ఆ ఇంట్లో ఒక్క మనిషైనా నా పక్కన కూర్చుని వినాలి. అంతే.

పొద్దున్నే రేడియో ముందు చాప వేసి ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆదితాళం నేర్పాను. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పడం. ఇంకోసారి దెబ్బ, ఇంకోసారి తిప్పడం. మొత్తం ఎనిమిది. పాపకి వేళ్ళు విడివిడిగా పడేవి కావు, అన్నీ కలిపి నొక్కేసేది. కానీ చెయ్యి తిప్పడమంటే ప్రాణం. మెల్లగా తిప్పవే అంటే వినేది కాదు, కాకిని తోలినట్టు నెత్తి మీదికి విసిరేది. విసరబోయే ముందు ప్రతిసారీ నా మొహంలోకి చూసి "ఇప్పుడా? ఇప్పుడా?" అని అడిగేది. నేను తల ఊపితే చెయ్యి పైకి లేచేది, గాజులు గలగలమనేవి.

ఎంత ముద్దుగా ఉన్నా తప్పు తప్పే. తాళం తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. దాని మణికట్టు పట్టుకుని మళ్ళీ మొదటినుంచి వేయించేదాన్ని. అది నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దుల్లో కూడా నాకు స్థిమితం లేదనిపిస్తుంది. వింటున్నానన్న మాటే కానీ, సగం కన్ను దాని చేతి మీదే.

పాపకి ఐదో ఏడు నడుస్తుండగా మా ఆడపడుచు పెళ్ళి వచ్చింది. ఎండాకాలం. మగ్గాల మీద పాత దుప్పట్లు కప్పి, ఇంటి ముందు వీధికి అడ్డంగా తాటాకుల పందిరి వేశారు. ముహూర్తం పగలు పదకొండు దాటాక. పక్క ఊరినుంచి మేళం వాళ్ళు వచ్చారు. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, ఒక శ్రుతి పెట్టె. వాళ్ళలో పెద్దాయన సన్నాయి ఊదుతుంటే నా చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది. పొద్దుటినుంచి వంటింటికీ మేళానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు.

"ఏమమ్మాయ్, పెద్దకోడలివి! వడపప్పు ఎక్కడుందో చూడమంటే సన్నాయి దగ్గర నించున్నావా?" అన్నారు అత్తయ్యగారు, నలుగురిలో.

"వస్తున్నానండీ" అన్నాను. వెళ్ళాను. మళ్ళీ వచ్చాను.

మన పెళ్ళిళ్ళలో గట్టిమేళం సంగతి తెలిసిందే. తాళి కట్టే క్షణంలో తుమ్ముగానీ, చెడ్డమాటగానీ వధూవరుల చెవిన పడకూడదని మేళమంతా ఒక్కసారిగా హోరెత్తిస్తారు. పంతులుగారు గట్టిమేళం అని అరుస్తారు కానీ ఆ రొదలో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? చెయ్యెత్తి వేళ్ళు ఆడిస్తారు, మేళం వాళ్ళు ఆ చెయ్యి చూసి అందుకుంటారు. ఆ రోజు మేళం వాళ్ళు అరుగు పక్కన కూర్చున్నారు. వాళ్ళకీ పీటలకీ మధ్య ఆడవాళ్ళంతా గోడలా నించున్నారు. తలల మీదుగా పైకి లేచే చెయ్యి తప్ప వాళ్ళకి పంతులుగారి మొహం కూడా కనిపించదు.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పాపకి సన్నాయి బాగా కనబడాలని పంతులుగారికి సరిగ్గా వెనకాల ఒక ఎత్తుపీట వేసి, దాని మీద నిలబెట్టాను.

జీలకర్రా బెల్లం అయింది. అప్పుడొకసారి గట్టిమేళం మోగింది. తరవాత మంగళసూత్రాలున్న పళ్ళెం పెద్దలు కళ్ళకద్దుకోవడానికి చేతులు మారుతూ పందిట్లో తిరుగుతోంది. ఆ ఖాళీలో సన్నాయి పెద్దాయన నెమ్మదిగా ఒక కీర్తన ఎత్తుకున్నాడు. ఆదితాళం. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ పందిట్లో అంతమంది ఉన్నారు, ఒక్కరు వినడం లేదు. వంగి పాప చెవిలో అన్నాను:

"వింటున్నావా? తాళం వెయ్యి."

వేసింది. ఒక దెబ్బ, వేళ్ళన్నీ కలిపి మూడు నొక్కులు, మళ్ళీ దెబ్బ. అలవాటుగా నా మొహంలోకి చూసింది. ఇప్పుడా? తల ఊపాను.

ఆకుపచ్చ గాజుల చెయ్యి అందరి తలల మీదుగా పైకి లేచింది.

డోళ్ళు రెండూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. సన్నాయిలు కీర్తన వదిలేసి పైస్థాయికి ఎక్కాయి. మేళం వినగానే మనవాళ్ళ చేతులు ఊరుకోవు కదా, పందిట్లో ఉన్న అక్షింతలన్నీ పెళ్ళికూతురి మీదా పెళ్ళికొడుకు మీదా కురిశాయి. పెళ్ళికొడుకు ఉత్త చేతులతో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. తాళి ఇంకా మూడో వరసలోనే ఉంది. ఆ పళ్ళెం పట్టుకున్న ముసలావిడ కూడా కంగారులో తాళిని అందులోనే వదిలేసి గుప్పెడు అక్షింతలు విసిరింది.

"ఆపండయ్యా! ఆపండి! తాళి ఏదీ?" అని పంతులుగారు రెండు చేతులూ ఊపారు. ఆ చేతులు చూసి డోళ్ళు ఇంకా రెచ్చిపోయాయి.

ఎలాగో ఆగాయి. మగపెళ్ళివారిలో ఒకాయన "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని పకపకా నవ్వాడు. కొందరు నవ్వారు. పెళ్ళికొడుకు నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "ఇదేం శకునమమ్మా" అంది. ఆ మాటకి అత్తయ్యగారి మొహం పాలిపోయింది. డోలు వాళ్ళ చూపు ఎటుందో అందరూ అటు తిరిగారు. పీట మీద మా పాప. దాని లెక్కలో ఇంకొక దెబ్బ, ఇంకొక విసురు మిగిలున్నాయి. అందరూ చూస్తుండగా అవి కూడా శ్రద్ధగా వేసి ఎనిమిది పూర్తి చేసింది.

చెంప మీద కొట్టాను.

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అని అరిచాను కూడా.

అది ఏడవలేదు. నావంక చూసింది. "నువ్వే" అన్న రెండక్షరాలు దాని నోట్లోంచి వస్తే నేను అక్కడికక్కడే పట్టుబడేదాన్ని. రాలేదు. డోలు వాళ్ళలో ఒకాయన పుల్ల చంకలో పెట్టుకుని లేచి నించున్నాడు. అరవై దాటిన మనిషి.

"పాపనేం అనకండమ్మా. తప్పు నాదండీ. నాకు చూపానదు. తోరణం ఊగినా చెయ్యే అనుకుంటానండీ" అన్నాడు.

సన్నాయి పెద్దాయన అతన్ని అందరి ముందూ చెడతిట్టాడు. తలొంచుకుని పడ్డాడు. నేను నోరు విప్పలేదు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నా దెబ్బలో ఉన్నది కోపం కూడా కాదు, భయం. ముక్కూ మొహం తెలియని మనిషి నా బిడ్డని కాచుకున్నాడు, కన్నదాన్ని నేను కొట్టాను. తాళం వెయ్యమన్నది నేనేనని అత్తయ్యగారికి చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

పది నిమిషాల తరవాత అసలు గట్టిమేళం మోగింది, తాళి కట్టారు. ఆ దంపతులు నిక్షేపంగా ఉన్నారు, లోకంలో అందరూ పోట్లాడుకున్నంతే పోట్లాడుకుంటారు. ఆ మేళం మోగుతున్నప్పుడు నేను పాప కోసం వెతికాను. లోపల, దుప్పటి కప్పిన మగ్గం పక్కన కూర్చునుంది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చునుంది.

బెజవాడ వచ్చాక కూడా అంతే. పొద్దున్నే చాప వేసి పిలిస్తే బుద్ధిగా వచ్చేది. పాట మొదలు కాగానే చేతులు తొడల కిందికి పోయేవి. పేచీ లేదు, ఏడుపు లేదు. పాట అయిపోగానే లేచి ఆడుకోడానికి పోయేది. నాకు పిచ్చెక్కేది. బతిమాలాను. "తాళం వేస్తే పాలకోవా కొంటాను" అని ఆశ పెట్టాను. ఒకరోజు విసిగిపోయి చేతులు బయటికి లాగబోయాను. అది బిగుసుకుపోయింది, నేనే వదిలేశాను. రేడియో ఈ గదిలోంచి ఆ గదికి, ఆ గదిలోంచి వసారాలోకి మార్చాను, తప్పు రేడియోదైనట్టు. రోజుకి పదిసార్లు పెట్టి పదిసార్లు కట్టేసేదాన్ని. ఒక పందిట్లో కచేరీ ఉందంటే తీసుకెళ్ళాను. మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే "అమ్మా, ఇంటికెళ్దాం" అంది.

"చిన్నపిల్ల కదా, మర్చిపోతుందిలే" అన్నారు మా ఆయన.

"మర్చిపోవడం లేదు కాబట్టే కదండీ నా ఏడుపు!" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. నా భయం నాకు తెలుసు. దానికి పాటకీ దెబ్బకీ ముడిపడిపోయింది. ఆ ముడి వేసింది నేను. ఇక అది ఏ పాట విన్నా నా చెయ్యే గుర్తొస్తుంది. తోడు కావాలని పెంచుకున్న తోడుని నేనే తరిమేసుకున్నాను. ఈ మాట పైకి అనలేక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

పాపం ఆయన ఏమనుకున్నారో, ఒక ఆదివారం మమ్మల్ని బస్సెక్కించి కొండపల్లి తీసుకెళ్ళారు. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళ ఇంట్లో పెళ్ళిమేళం బొమ్మలు కొనిపెట్టారు. తెల్లపొణికి చెక్కతో చేసినవి, ఇద్దరు సన్నాయి ఊదేవాళ్ళు, ఒక డోలాయన. కొని నా చేతిలో పెడుతూ "వీళ్ళు నీ మాట వింటారు" అన్నారు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఇంకా దీపాలు పెట్టలేదు. రేడియోలో వయొలిన్ కచేరీ వస్తోంది. పాప నేల మీద బొమ్మలు పేర్చుకుంటోంది. సన్నాయి వాళ్ళిద్దర్నీ ఎదురుగా పెట్టింది. డోలాయన్ని మాత్రం గోడవైపు తిప్పి పెట్టింది.

"ఆయన్ని అటు తిప్పావేమే?"

"చూస్తాడు."

"చూస్తే ఏం?"

"నేను చెయ్యెత్తితే వాయించేస్తాడు. అప్పుడు అందరూ నన్ను చూస్తారు."

నేను దాని పక్కన చతికిలబడ్డాను. "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. తాళం వెయ్యమన్నది నేనే కదా" అన్నాను.

"ఊఁ. నువ్వే" అంది, నాకు తెలియని విషయమేదో చెబుతున్నట్టు కాకుండా, మామూలుగా. "మరి నన్నెందుకు కొట్టావు?"

అత్తయ్యగారు, మగపెళ్ళివారు, శకునం. ఎన్ని చెప్పొచ్చో అన్నీ నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను.

"అందరూ చూస్తున్నారని భయమేసింది" అన్నాను.

పెద్దవాళ్ళకి కూడా భయం వేస్తుందా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"అయితే నువ్వు కూడా అటు తిరుగు" అంది.

తిరిగాను. గోడ సున్నం వానకి ఉబ్బి పెచ్చులూడుతోంది. వయొలిన్ ఆయన పాటలోకి దిగాడు, ఆదితాళమే. నా వెనక ఏ చప్పుడూ లేదు. మెడ తిప్పి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. లేచి ఎటైనా పోవాలనీ అనిపించింది. కదల్లేదు.

"చూస్తున్నావా?"

"లేదమ్మా."

ఎనిమిది లెక్కల ఆవర్తం ఒకటి పోయింది, రెండోది పోయింది. అప్పుడు గౌను మీద మెత్తగా ఒక దెబ్బ పడింది. వేళ్ళు వినబడవు కాబట్టి నాలో నేనే లెక్కపెట్టుకున్నాను. రెండో దెబ్బ తొందరపడి ముందే పడింది. తప్పని చెప్పడానికి నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. మూడో దెబ్బ కూడా ముందే పడింది. ఆ తరవాత గాజులు గలగలమన్నాయి.

కచేరీ అయిపోయేదాకా గోడకేసే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు దాని చెయ్యి ఎంత ఎత్తు లేచిందో నాకు తెలియదు.