రూతవ్వ చెలిమె

దయ్యాలను నమ్మడం మా ఇంట్లో పాపం కింద లెక్క. మా బాపు చర్చి సంఘంలో ఉపదేశి. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే పోయి ప్రార్థన చేసి, వచ్చేటప్పుడు ఒక జ్వరం గోళీ ఇచ్చి వచ్చేవాడు. నేను ఆయనకన్నా ఒక మెట్టు ఎక్కువ. ప్రార్థన కూడా దండగే, గోళీ చాలు అనుకునే రకం. కాబట్టి ఇది చదివి పంతులుకు మతి పోయింది అనుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఇంకొకరు చెబితే నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళయింది. లక్సెట్టిపేట దగ్గర మిషన్ బడిలో నేను సారును. ఏటా ఎండాకాలం సెలవుల్లో వాగు ఒడ్డున యువజన శిబిరం పెట్టేవాళ్ళం. శిబిరమంటే నాలుగు తాటాకు పందిళ్ళు, అంతే. పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. మా సొంత పిల్లలే పాటల పుస్తకం పక్కన పడేసి మంచిర్యాలలో సినిమాకు పోతున్నారు. వసతులు బాగు చేస్తే పడుచు పిల్లలు వస్తారని సంఘం పెద్దలు తీర్మానించి, ఆ పని నా నెత్తిన పెట్టారు. శిబిరం నిండితే హెడ్మాస్టరును చేస్తామన్నారు. నాకు ఆశ పుట్టింది. దాచుకోవడం ఎందుకు?

పెంకుల షెడ్డు వేయించాను. పాయఖానాలు కట్టించాను. వాలీబాల్ నెట్టు తెప్పించాను. అన్నిటికన్నా గొప్పగా బోరింగు వేయించాను.

అంతవరకు శిబిరానికి నీళ్ళంటే చెలిమె నీళ్ళే. ఎండిపోయిన వాగులో ఇసుక తవ్వితే గుంటలో ఊరే నీళ్ళు. ఆ చెలిమె తోడేది రూతవ్వ. మా పల్లె ముసలమ్మ, మా కులమే. చెలిమె అంచు చుట్టూ మోదుగాకులు పరిచి, ఇసుక జారకుండా ఒక్కో ఆకు మీద ఒక్కో గులకరాయి పెట్టేది. ఆకులు ఎవరైనా పరుస్తారు. తొడిమలన్నీ బయటి వైపు వచ్చేట్టు పరిచేది మాత్రం ఆమె ఒక్కతే. "తొడిమె నీళ్లల్ల నానితె వగరైతది బిడ్డా" అనేది. తర్వాత ఆకు దొప్పతో ఒక్కొక్కరికి పోసేది. చిన్నప్పుడు నేనూ ఆమె చేతి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే.

ఆ ఏడు సిరిసిల్ల వైపు నేత కుటుంబాల పిల్లలను పిలుద్దామని నేనే పోయాను. ఒక పెద్దమనిషి షెడ్డు, నెట్టు, తిండి అన్నీ ఓపికగా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"అంత మంచిగనే ఉన్నది సారూ. మా పోరగాండ్లకు నీళ్లెవలు వోస్తరు?"

ఈ ప్రశ్నకు అర్థం మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. పోసేవాళ్ళ కులం ఏమిటని అడుగుతున్నాడు. క్రీస్తులో భేదం లేదని ఆదివారం ఆదివారం చెప్పే నోరు నాది. ఆ నోటితోనే, ఎవరూ పోయరు, బోరింగు వేశాం, ఎవరి నీళ్ళు వాళ్ళే కొట్టుకుంటారు అన్నాను. పన్నెండు మంది పిల్లలను పంపడానికి ఒప్పుకున్నారు.

తిరిగొచ్చి రూతవ్వ గుడిసె ముందు నిలబడి, ఈ ఏడు నువ్వు రానక్కరలేదు అన్నాను. కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. వచ్చే దారిలో నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి అన్నం మాత్రం మామూలుగానే తిన్నాను.

శిబిరం ఇంకో పదిహేను రోజులుందనగా ఆమె జ్వరంతో చనిపోయింది. షెడ్డు పెంకులు ఎక్కిస్తున్నారని నేను మట్టి వేయడానికి కూడా పోలేదు.

శిబిరం రెండో రోజు పొద్దున పదకొండింటికి బోరింగు నాలుగు సార్లు బురద కక్కి, ఆ తర్వాత ఉత్త గాలి కొట్టింది. నలభై మంది పిల్లలు. మండుటెండ. వాగులో చెలిమె తవ్విద్దామంటే ఊట ఎక్కడ పడుతుందో రూతవ్వకే తెలుసు. పీపా వేసి గోదావరికి బండి పంపాను. అది రావడానికి సాయంత్రమవుతుంది. అప్పటికే ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి షెడ్డులో పడుకున్నారు. ఎవరికైనా ఏమైనా అయితే శిబిరమే కాదు, నా ముఖం కూడా ఎక్కడా చెల్లదు.

తలలు లెక్కపెడితే నేత పిల్లలు పన్నెండు మందీ లేరు. వాగు వైపు పరిగెత్తాను. వాళ్ళు ఎదురు వస్తున్నారు. అంగీలు రొమ్ము దాకా తడిసి ఉన్నాయి.

"ఆడ ఓ అవ్వ నీళ్లు వోస్తుంది సారూ" అన్నాడు ఒకడు. "జర నిదానంగ తాగుండ్రి, పొలమార్తది అన్నది."

వాగులో ఎవరూ లేరు. చెలిమె ఉంది. మోకాటిలోతు, తేట నీళ్ళు. అంచు చుట్టూ మోదుగాకులు, ఆకుకో గులకరాయి. తొడిమలన్నీ బయటికి ఉన్నాయి.

కాళ్ళు కాలుతున్నా అక్కడే నిలబడిపోయాను. వెంట వచ్చిన పిల్లలను అవ్వ ఎట్లా ఉందని అడిగితే, ఎడమచేతి బొటనవేలు సగమే ఉందన్నారు. రూతవ్వకు ఆ వేలు కొడవలికి తెగింది. ఈ పిల్లలు ఆమెను ఎన్నడూ చూసినవాళ్ళు కారు. దప్పికైనవాళ్ళు ఆమె కులం కూడా అడగలేదు. మిగతా పిల్లలు బండి వచ్చేదాకా ఆ నీళ్ళతోనే గడిపారు.

నాకు తోచినంత విచారించాను. మా పల్లె ఆడవాళ్ళంతా ఆ రోజు తునికాకు కోతకు అడవికి పోయారు. రూతవ్వ బిడ్డ ఎస్తేరు కూడా వాళ్ళతోనే ఉంది. అడుగుజాడలు చూద్దామంటే ఇసుకంతా పిల్లలు తొక్కేశారు. తెల్లారేసరికి చెలిమె పూడిపోయింది.

సంఘానికి రాసిన నివేదికలో, కొత్త బోరింగు వల్ల నీటికి ఏ ఇబ్బందీ కలగలేదని రాశాను. నన్ను హెడ్మాస్టరును చేశారు.

వానలు పడ్డాక ఒకరోజు ఉండబట్టలేక ఎస్తేరు దగ్గరికి పోయి అంతా చెప్పాను. సిరిసిల్లలో నేనన్న మాట కూడా చెప్పాను. కన్నీళ్ళు పెట్టుకుంటుందని, నన్ను తిట్టి కాస్త తేలిక చేస్తుందని అనుకున్నాను. చిన్నప్పటి నుంచి నన్ను అన్నా అని పిలిచిన మనిషి. నాటు వేస్తున్నదల్లా నడుము ఎత్తి నా వైపు చూసింది.

"మా అవ్వ సచ్చినంక గూడ మీకు నీళ్లు మొయ్యాల్నా సారూ?" అంది.

మళ్ళీ వంగి నాటు వేసుకుంది. ఆ చెలిమె ఎవరు తోడారో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు.