రెండో ప్లాట్‌ఫారం పేర్లు

ఆ స్టేషన్లో ఆవిడ ముఖం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. మేడమీది చిన్న గదిలో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. కూలీలు ముద్దుగా మైకమ్మ అనేవారు. పట్టాలు కూడా కనిపించని పొగమంచులో ఆ గొంతు మబ్బుల్లోంచి దిగివచ్చినట్టుండేది. ప్రయాణికులు నిద్రకళ్లతోనే దాన్ని పట్టుకుని తమ రైలుపెట్టె దగ్గరికి నడిచిపోయేవారు.

"ఊరందరికీ ఇంత మెత్తగా చెబుతావు, నా మీద మాత్రం కేకలేస్తావేమే?" అని ఆటపట్టించేవాడు భర్త.

"వాళ్లు ఒక్కసారి చెబితే వింటారు మరి!"

ఆయన రెండో ప్లాట్‌ఫారం మీద పుస్తకాల కొట్టు నడిపేవాడు. ఒక ఉదయం అక్కడే బాంబు పేలింది. దేశమంతా గుండెలు బాదుకున్న రోజది. పోయినవాళ్లలో ఆయనా ఉన్నాడు. సంచిలో బాంబు మోసుకొచ్చిన కుర్రాడూ అక్కడే పోయాడు.

కొన్ని నెలలు ఆవిడకు మాట పెగల్లేదు. తరవాత మళ్లీ మైకు ముందు కూర్చుంది. రైలుకీ రైలుకీ మధ్య చిన్న కునుకు పట్టేది. అందులో ఆయన కొట్టు తెరుస్తున్న చప్పుడు, పొడి దగ్గు, పాత కాగితాల వాసన. ఆయన ఇటు తిరగబోయేంతలో సంచి పట్టుకుని ఆ కుర్రాడు నడిచొచ్చేవాడు. ఉలిక్కిపడి లేచేది. ఏళ్లు గడిచినా ఆ కల వదల్లేదు.

ఏటా అదే రోజున రైళ్లన్నీ కాసేపు ఆగేవి. పోయినవాళ్ల పేర్లు మైకమ్మ చదివేది.

ఒక ఏడాది, ఇంకా చదవడం మొదలుపెట్టకముందే కింద గొడవ వినిపించింది. రెండో ప్లాట్‌ఫారం చివర, స్తంభాన్ని ఆనుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. అప్పట్లో టీవీలో చూపించిన ముఖం. "వాడి తల్లి! సిగ్గులేకుండా ఇక్కడికే వచ్చింది!" అని అరుస్తున్నారు. ఎవరో నీళ్ల సీసా విసిరారు. ఆమె కదల్లేదు.

మైకమ్మ మెట్లు దిగింది. ఏం చేయబోతోందో తనకే తెలియదు. జనం పక్కకు తప్పుకున్నారు.

"ఎందుకొచ్చావు?"

"పేర్లు వినడానికమ్మా. వాడు ఎవరెవరి ఉసురు పోసుకున్నాడో కన్నదాన్ని, నేను తెలుసుకోవద్దా?"

"అందులో మా ఆయన పేరుంది."

ముసలామె తల వంచింది. "అయితే ముందు నువ్వే కొట్టు తల్లీ."

మైకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మంచుముద్దలా ఉంది.

"వణికిపోతున్నావు. పైకి రా."

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఆమెను కూర్చోబెట్టి, తను నిలబడి చదివింది. ఒక్కో పేరునీ ముసలామె పెదవులు మెల్లగా పలుకుతున్నాయి. భర్త పేరు దగ్గర మైకమ్మ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ముసలామే ముందున్న కాగితం చూసి ఆ పేరు పలికింది. వణుకుతున్న ఆ గొంతు మైకులోంచి స్టేషనంతా పాకింది. కింద ఎవరూ అరవలేదు. పొగమంచులోంచి ఎవరో ఆయన్ని ఆప్యాయంగా పిలిచినట్టనిపించింది మైకమ్మకు.

ఇంటికెళ్లేసరికి కొడుకు మండిపడుతున్నాడు. "నాన్నని చంపినవాడి తల్లికి కుర్చీ వేస్తావా?"

"ద్వేషించి చూశాను కదరా ఇన్నేళ్లూ. కళ్లు మూసుకుంటే మీ నాన్నకి అడ్డంగా వాడే వస్తున్నాడు. నాకు మీ నాన్న కావాలి."

వాడు చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. స్టేషన్ బయట పండ్ల దుకాణదారు, ఆ పేలుడులో కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, ఇప్పటికీ మైకమ్మను చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఆవిడ ఆయన్నేమీ అనదు.

మరుసటి ఏడాది మళ్లీ ముసలామె వచ్చింది. పేర్లు అయిపోయి ఇద్దరూ బయటికి వచ్చేసరికి సన్నగా తుంపర. కొడుకు స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. తల్లి వైపు చూడకుండానే, "బస్టాండుకేనా? ఎక్కండి" అన్నాడు.

ముసలామె తడబడింది.

"ఎక్కక్కా, మెల్లగానే నడుపుతాడు," అంది మైకమ్మ.

స్కూటర్ తుంపరలో మసకబారుతూ మలుపు తిరిగింది. పైన గదిలో గంట మోగింది. రైలు వస్తోంది, చెప్పాలి. ఆవిడ మెట్లెక్కింది.