స్విట్జర్లాండు పద్ధతిలో పెళ్ళి సామాను

ఒక పెళ్ళివారి సామాను మొత్తాన్ని, పట్టపగలు, ఆ పెళ్ళివాళ్ళందరి కళ్ళెదుటే, ఏ దొంగ సాయమూ లేకుండా పోగొట్టిన ఘనత నాది. పైగా సామాను వెళ్ళిపోతుంటే దానికి నమస్కారం కూడా పెట్టాను. ఇది విన్నవాళ్ళు మొదట నమ్మరు. నన్ను ఎరిగినవాళ్ళు మాత్రం వెంటనే నమ్ముతారు. తప్పు నాది కాదనీ, స్విట్జర్లాండుదనీ చాలా ఏళ్ళు వాదించాను. ఆ దేశం తరఫున మాట్లాడేవాళ్ళు మా జిల్లాలో లేరు కాబట్టి నెగ్గుతూ వచ్చాను.

పందొమ్మిది వందల యాభైలలో నేను అనంతపురంలో బి.ఏ. చదువుతుండేదాన్ని. మా భూగోళం లెక్చరరు గారు ఐరోపా తిరిగొచ్చి, కాలేజీ హాల్లో తెల్లగుడ్డ కట్టించి, దాని మీద బొమ్మలు వేసి చూపిస్తూ ఉపన్యాసమిచ్చారు. మంచుకొండలు చూసి ఎవరూ చలించలేదు. నీలంగా, అంచుల దాకా నిండిన చెరువు కనిపించినప్పుడు మాత్రం హాలంతా నిట్టూర్చింది. చెరువనేది నిండుతుందన్న సంగతి మాలో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆ తరవాత రైళ్ళు వచ్చాయి.

"అక్కడ ప్రయాణికుడు సామానును స్టేషనులో ఒప్పజెప్పేస్తాడు. చేతులూపుకుంటూ రైలు పెట్టె ఎక్కుతాడు. కిటికీలోంచి కొండలు చూసుకుంటాడు. సామాను దాని దారిన అది వస్తుంది. ఊరు రాగానే హాయిగా దిగుతాడు. దిగాక..." అన్నారు లెక్చరరు గారు.

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. కాసేపు కూర్చున్నాం. ఇక రాదని తేలాక చీకట్లోనే చప్పట్లు కొట్టి లేచి వచ్చేశాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేను. నాకు కావలసింది దొరికింది. మన దేశం ఎందుకు వెనకబడిందో ఆ రాత్రి నాకు అర్థమైపోయింది. మనం మూటల మీద కూర్చుని ప్రయాణం చేస్తున్నాం!

ఆ వేసవిలోనే మా చిన్నాయన కూతురు పద్మ పెళ్ళి కుదిరింది. చిన్నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. చేతికి ఎంత పని చెప్పేవాడో నోటికి అంత సెలవిచ్చేవాడు. పద్మ కోసం తన మగ్గం మీదే పెళ్ళిచీర నేశాడు. నేస్తున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు. ఊళ్ళవాళ్ళకు నేసిన మనిషి సొంత కూతురికి ఏం నేశాడో చూడాలని మగపెళ్ళివారి ఊరు ఊరంతా కాచుకుని ఉందని కబురు వచ్చింది.

మా వైపు అప్పట్లో పెళ్ళి మగపెళ్ళివారి ఊళ్ళోనే. ఆడపెళ్ళివాళ్ళు పెళ్ళికూతురితో సహా సంసారమంతా మూటగట్టుకుని తరలిపోవాలి. ఆ ఊరు ధర్మవరం నుంచి పాకాల దాకా పోయే రైలుదారిలో, కదిరి దాటి తనకల్లు వైపు పోతే వచ్చే ఒక చిన్న స్టేషను. పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను గుర్తుపడతారు.

ధర్మవరం స్టేషనులో మా సామాను చూసి నాకు సిగ్గేసింది. ట్రంకు పెట్టెలు, పరుపుచుట్టలు, ఇత్తడి బోకులు, మీరు బొబ్బట్లనే మా ఓళిగల బుట్ట, రొట్టెల మూట, నీళ్ళ కూజాలు. వలసపోయే పల్లె ఒకటి ప్లాట్‌ఫారం మీద దిగబడినట్టుంది. నేను మాత్రం నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని నిలబడ్డాను. అదీ చిన్నాయన నేసిందే. పెళ్ళిలో చదువుకున్న పిల్ల వెలవెలబోతే వంశానికే నామర్దా అని నెలల తరబడి వాదించి ఆయన దగ్గర రాబట్టుకున్నాను. రైల్లో పట్టుచీరేమిటే అని చిన్నమ్మ కసురుకుంది. మూటలు మొయ్యని మనిషి పట్టు కట్టుకోవచ్చునని నా సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం పట్టుకుని లగేజీ గుమాస్తా దగ్గరికి నడిచాను.

"ఈ సామానంతా గార్డు వ్యానులో వేయండి."

ఆయన ఆవులించాడు. "పెట్టెలోనే ఎక్కించుకోండి పాపా. అందరూ అట్లనే పోతారు."

"అందరూ పోయినట్టు మేం పోము."

"సరే, ఏస్తా. అయితే మీరు దిగే సోట కూలీలు ల్యారు. దిగంగానే బిన్నా గార్డు కాడికి పోయి, సీటీ సూపించి, మీరే దించుకోవాల. రైలు ఆడ శానాసేపు నిలబడదు."

"ఇతర దేశాల్లో రైల్వేవాళ్ళే..."

"ఇది ధర్మవరం పాపా."

చిన్నాయన అప్పుడు మూటలు చేరవేస్తున్నాడు. ఈ మాటలు విన్నది నేనొక్కదాన్నే. విన్నాను గాని చెవిన వేసుకోలేదు. ఆయన రాసిచ్చిన చీటీని మడిచి చేతిసంచీలో పడేసి, మా వాళ్ళందరినీ ఒట్టి చేతులతో రైలెక్కించాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెళ్ళివాళ్ళందరూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఎదుటి బల్ల మీద ఒక ముసలి సాయిబు తన రేకుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"పెళ్ళివాళ్ళ మాదిరుండారే. సామాను ఏమైంది బేటీ?"

"అది వేరేగా వస్తోంది" అన్నాను.

"ఏం, మీతో కోపమొచ్చిందా దానికి?"

అతనికి స్విట్జర్లాండు గురించి చెప్పి ప్రయోజనం లేదని కిటికీ వైపు తిరిగాను. కొండలు చూడాలి కదా! గుండ్రాళ్ళు పేర్చిన బోడికొండలు, ఎండిన వంకలు, చెనిక్కాయ పీకేసిన ఎర్రచేలు. అవే చూశాను, పట్టుదలగా. ఇంజను విసిరిన బొగ్గునిప్పు ఒకటి వచ్చి నా కొంగు మీద వాలి, చిన్న చిల్లు పెట్టి ఆరిపోయింది. ఐరోపా రైళ్ళలో ఈ సౌకర్యం ఉన్నట్టు లెక్చరరు గారు చెప్పలేదు.

ముదిగుబ్బ దాటేసరికి ఎండ పెట్టెలోకి వచ్చి మాతో పాటు కూర్చుంది.

"రాజీ, రొట్టెల మూట ఇట్ల తీమ్మా" అంది చిన్నమ్మ.

"వ్యానులో ఉంది."

"పోనీ, నీళ్ళు?"

"కూజాలూ వ్యానులోనే."

మా మేనత్త నడుము తడుముకుంటూ, "నా నశ్యం డబ్బీ యాడుండాదే?" అంది.

"నీ సంచీలోనే ఉంటుంది అత్తా."

"నా సంచి యాడుండాది?"

నేను మళ్ళీ కొండల వైపు తిరిగాను. చిన్నాయన ఆ రోజుకు తన మొదటి మాట మాట్లాడాడు. "పెండ్లికూతురన్నా ఈడుండాదా, వ్యాన్లో ఏసినావా?"

కదిరి ప్లాట్‌ఫారం మీది కొళాయి తిప్పితే దగ్గింది తప్ప నీళ్ళివ్వలేదు. చివరికి సాయిబే తన కూజా వంచి అందరి గొంతులూ తడిపాడు. నశ్యం లేని మేనత్త కదిరి నుంచి ఆ చిన్న స్టేషను దాకా నన్ను ఎన్ని రకాలుగా తిట్టవచ్చో అన్ని రకాలుగానూ తిట్టింది.

దిగే చోటు వచ్చింది. రాతికట్టడం ఒకటి, వేపచెట్టు ఒకటి, స్టేషను మాస్టరు ఒకడు. మేం దిగీ దిగగానే చిన్నాయన పంచె ఎగ్గట్టి రైలు తోకవైపు పరుగందుకున్నాడు.

"చిన్నాయనా! యాడికి పోతాండావు?" కంగారులో నా నోట్లోంచి కూడా మా ఊరే వచ్చింది.

"సామాను దించాల గదా!"

"నిలబడు! పెళ్ళికూతురి తండ్రివి, పంచె ఎగ్గట్టి పరుగెత్తుతావా? మగపెళ్ళివాళ్ళ బండ్లు వచ్చి ఉంటాయి, చూస్తే ఏమనుకుంటారు? సామాను దాని దారిన అది వస్తుంది."

"ఎట్ల వస్తాదే? కాళ్ళుండాయా దానికి?"

"వస్తుందని చదువుకున్నదాన్ని చెప్తున్నా కదా!"

పాపం, చదువంటే ఆయనకు భక్తి. ఆగిపోయాడు. ఆ భక్తిని నేను అంతకు ముందూ ఆ తరవాతా చాలాసార్లు వాడుకున్నాను గాని, అంత ఘోరంగా ఎప్పుడూ వాడుకోలేదు.

దూరంగా వ్యాను తలుపులోంచి గార్డు బయటికి వంగాడు. మా గుంపు వైపు చూసి చెయ్యి ఊపాడు. ఇంకోసారి ఊపాడు. చూశారా, చదువుకున్న ఆడపిల్ల ఎక్కడున్నా తెలిసిపోతుంది అనుకుని, కొంగు సవరించుకుని, నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. ఆయన తల గోక్కున్నాడు. జేబులోంచి గడియారం తీసి చూసుకున్నాడు. పచ్చజెండా ఊపాడు.

రైలు కదిలింది. మెల్లగా, ఒక్కొక్క పెట్టే మమ్మల్ని దాటుకుంటూ, చివరికి గార్డు వ్యాను మా ముందుకు వచ్చింది. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల మా ట్రంకు పెట్టెలు, మా పరుపులు, మా నీళ్ళ కూజాలు. ఓళిగల బుట్ట మీద కట్టిన పసుపుగుడ్డ గాలికి ఊగుతోంది. మేం సామానును చూశాం. సామాను మమ్మల్ని చూసింది. అది పాకాల వెళ్ళిపోయింది.

"వాయమ్మో, పెండ్లిచీర!" అని చిన్నమ్మ అక్కడే కూలబడింది.

స్టేషను మాస్టరు తంతి కొట్టాడు. జవాబు వచ్చేసరికి మా నోళ్ళు ఇంకా ఎండిపోయాయి. సామాను క్షేమంగా పాకాల చేరుతుందనీ, తిరుగు రైల్లో మర్నాడు మధ్యాహ్నం వస్తుందనీ. ముహూర్తం తెల్లవారుజామున.

మగపెళ్ళివారి ఇంటి ముందు బండ్లు దిగాం. పెళ్ళికొడుకు తల్లి ఎదురొచ్చి, మా చేతుల వైపూ, మా వెనక ఖాళీ బండ్ల వైపూ చూసింది.

"సామాను బండి ఎనక వస్తాందా వదినా?"

చిన్నమ్మ చిన్నాయన వైపు చూసింది. చిన్నాయన చెప్పాడు. "మా పాపనడగండి. బి.ఏ. సదువుతాంది."

ఆవిడ మంచిదే. సంగతంతా విని, "పోనీలే, నా పట్టుచీర ఒకటుండాది, పాపకు కట్టండి" అంది. లోపల గదిలోకి వచ్చాక చిన్నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళు నేసి, కూతురిని ఇంకొకరి చీరలో పీటల మీద కూచోబెట్టాలా అని ఆయన పైకి అనలేదు. కళ్ళు మాత్రం చేతివేళ్ళ మీదే ఉన్నాయి. పద్మ ఏడుస్తోంది. ఆ క్షణాన నాకు వాదించడానికి ఏమీ దొరకలేదు. నా జీవితంలో అలాంటి క్షణాలు అరుదు.

అప్పుడు చిన్నమ్మ తల తిప్పి నన్ను చూసింది. నన్ను కాదు, నా చీరను.

"ఏమే రాజీ, ఇది నేసింది ఎవురు?"

"చిన్నాయన."

"విప్పు."

"చిన్నమ్మా, ఇది నెలల తరబడి వాదించి..."

"విప్పంటాండా!"

తెల్లవారుజామున నా నెమలికంఠం చీరలో పద్మ పీటల మీద కూర్చుంది. ఊరి ఆడవాళ్ళు అంచు పట్టుకుని చూసి, "ఏం పనితనమప్పా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఒకావిడ కొంగు తిప్పి, "ఈడ ఈ చిల్లేంది?" అంది.

"దిష్టి తగలకుండా నేనే పెట్టినా" అన్నాడు చిన్నాయన, కనురెప్ప వెయ్యకుండా.

నేనెక్కడున్నానంటారా? ఆ ఇంటివాళ్ళు చేలోకి కట్టుకుపోయే నూలుచీర ఒకటి నాకిచ్చారు. దాన్ని కట్టుకుని పందిరి గుంజ పక్కన నిలబడితే, ఎవరో పెద్దాయన, "యామ్మే, ఊరికే నిలబడుకోండావే, ఆ బిందెలు తీసకపోయి నీళ్ళు తే" అని గదమాయించాడు. నేను బి.ఏ. అన్నాను. "అయితే రెండు బిందెలు తే" అన్నాడు. మూడుముళ్ళు పడే వేళకు నేను పాతాళంలాంటి ఆ బావిలోంచి చేద లాగుతున్నాను.

మధ్యాహ్నం తిరుగు రైలు కూత వినిపించగానే, చేను చీర ఎగ్గట్టి, చెప్పుల్లేకుండా, అందరికంటే ముందు ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తాను. రైలు ఆగకముందే వ్యాను తలుపు పట్టుకున్నాను. అదే గార్డు. నన్ను ఆ వేషంలోనూ గుర్తుపట్టాడు. రెండు చేతులూ జోడించి వంగి నమస్కారం పెట్టాడు.

"ఈ తూరి నమస్కారం నేను పెడతా తల్లీ. నువ్వు సామాను దించుకో."

ముహూర్తానికి కట్టిన చీర పెళ్ళికూతురిదే అవుతుందని, అదిక నాకు రాదని చిన్నమ్మ తేల్చేసింది. పోనీ, ఆ పెట్టెలో ఉండిపోయిన పెళ్ళిచీరైనా నాకిస్తారేమోనని ధర్మవరం తిరిగి వచ్చాక చిన్నాయన చుట్టూ తిరిగాను. ఆయన దాన్ని బెంగుళూరు వర్తకుడికి అమ్మేశాడు. అదేమిటని నిలదీస్తే, మగ్గం మీంచి తలెత్తకుండా, "అది రైల్లో తిరగడం మరిగింది పాపా. ఇంట్లో నిలబడదు" అన్నాడు.

చాలా ఏళ్ళ తరవాత అనంతపురంలో ఒక సభలో మా లెక్చరరు గారు కనిపించారు. తెల్లజుట్టని కూడా చూడకుండా ఆయన మీద పడ్డాను. "ఏమండీ, సామాను దాని దారిన అది వస్తుందన్నారే!"

ఆయనకు ఆ ఉపన్యాసం గుర్తొచ్చింది. "అవునమ్మా, వస్తుంది. దిగాక వెళ్ళి, చీటీ చూపించి, మనమే తెచ్చుకోవాలి. ఆ తరవాతి బొమ్మ అదే. చీటీలు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉంటారు. మీరే కదా ఆగకుండా చప్పట్లు కొట్టి లేచిపోయారు?"

కాబట్టి, ఈ రచన చదువుతున్న మీ అందరి ఎదుటా, కదిరి కొళాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ రైలెక్కినా నా పెట్టె నా ఒళ్ళోనే ఉంటుంది. గార్డు చెయ్యి ఊపితే నమస్కారం పెట్టను, పరుగెత్తుతాను. ఎంత గొప్ప ఉపన్యాసమైనా సరే, పోయిన కరెంటు తిరిగి వచ్చేదాకా హాల్లోంచి కదలను. పద్మ ఇప్పటికీ ఆ నెమలికంఠం చీర కట్టుకునే మా ఇంటికి వస్తుంది. గుమ్మంలో నిలబడి చిల్లు ఉన్న కొంగును నా వైపే తిప్పి వేసుకుంటుంది.