కషాయమా, గొంగడా?

నిన్న పొద్దున కామారెడ్డి నుంచి ఫోను వచ్చింది. డిగ్రీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన మేడమ్ పోయారు. చాలాసేపు ఏడ్చాను. కానీ ఆవిడ పేరు చెప్పుకుని ఏడుస్తూ కూర్చుంటే ఆవిడే ఊరుకోరు. అందుకే మేం గెలిచిన రోజు గురించి మీకు చెబుతాను.

ఎవరు ఏమన్నా "నీకెట్ల తెలుసు?" అని అడగడం మేడమ్ అలవాటు. ఆకలవుతోంది మేడమ్ అన్నా అదే ప్రశ్న!

మాది ఎల్లారెడ్డి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే మా అమ్మ అడ్డసరం ఆకు కషాయం తాగి, గొంగడి కప్పుకుని పడుకునేది. వాడకట్టులో ఎవరికి దద్దుర్లు లేచినా కాచి ఇచ్చేది. నేను ఆ ఆకునే ప్రాజెక్టుగా తీసుకుంటానంటే మేడమ్ అమ్మను పిలిపించారు.

"తగ్గింది కషాయంతోనా, గొంగడితోనా?"

"ఏమో మేడమ్. రెండూ ఒక్కసారే చేస్తి."

"గందుకే ముందుగాల కణాలకు తాపుదాం."

"వాటికి గొంగడి కప్పకుండ్రి మరి!" అంది అమ్మ. మేడమ్ పడీ పడీ నవ్వారు.

బస్సెక్కేముందు మాత్రం అమ్మ గొంతు తగ్గించింది. "ఉత్తదే అని తేలితే ఇగ ఎవ్వరికి ఇయ్య బిడ్డా. వాడకట్టుల మొఖం ఎట్ల చూపియ్యాలె?" ఆ తరువాత నాకు కంటి మీద కునుకు లేదు.

మన ఒంట్లో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి నిండా గింజల్లాంటి చిన్న తిత్తులు. పడనిది తగిలితే వాటిలోని హిస్టమిన్ బయటపడి దద్దుర్లు లేస్తాయి. ఎలుక నుంచి తీసిన ఆ కణాల్లో కొన్నింటికి ఆకు సారం, కొన్నింటికి ఉప్పునీళ్ళు ఇచ్చి, ఆపైన అన్నింటినీ రెచ్చగొట్టే మందు వేశాం. ఏ స్లైడు ఏదో నాకు తెలియకుండా మేడమ్ వాటి పేర్ల మీద కాగితాలు అంటించేశారు.

"నువ్వు మీ అమ్మ బిడ్డవు. నీ కండ్లు మీ అమ్మ దిక్కే చూస్తయి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గొణుక్కుంటూనే ఒక్కో స్లైడూ చూసి, ఏవి పగిలాయో ఏవి నిండుగా ఉన్నాయో చెప్పాను.

చివరిరోజు అమ్మను కూడా రమ్మన్నారు. మేడమ్ స్లైడ్ల మీది కాగితాలు పీకారు. పగిలినవి దాదాపు అన్నీ ఉప్పునీళ్ళవే! ఆకు సారం తగిలినవి చాలావరకు నిండుగానే ఉన్నాయి. మేడమ్ మళ్ళీ మొదటి నుంచి సరిచూశారు. అదే తేలింది.

అమ్మను తన స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోపులో ఆకు సారం స్లైడు చూడమన్నారు.

"అబ్బ! ఎంత నిమ్మళంగున్నయి!" అంది అమ్మ. తరువాత భయంభయంగా తలెత్తింది. "అయితే ఉత్తది కాదా మేడమ్?"

"మనుషుల మీద ఇంకా తేలాలె అక్కా. ఎవరికన్న ఊపిరాడకుంటే దవాఖానకే పంపుండ్రి. కానీ ఉత్తదని ఇగ ఎవ్వరూ అనలేరు."

నేను కేక పెట్టాను. ల్యాబులో గుసగుసలాడినా కసిరే మేడమ్, కణాలకు వేసే రంగు అంటి ఊదాగా మారిన చేతులతో చప్పట్లు కొట్టసాగారు. ఎదురుగా మా అమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతోంది.