సీసా మీద పన్నెండు గంట్లు

దయ్యాలున్నాయన్నవాళ్లతో గొంతు బొంగురుపోయేదాకా సభల్లో వాదించినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

దివిసీమలో బడిపంతులుగా ఉన్నప్పుడు నా భార్యకు గుండెజబ్బు ముదిరింది. రేవు దాటించి ఒక సర్కారు ఆసుపత్రిలో చేర్చాను. పేరు రాయను. అక్కడ డాక్టరుకీ కాంపౌండరుకీ మాటల్లేవు. ఇద్దరి గదుల మధ్య ముప్పై అడుగుల వరండా. చీటీలో ఏదైనా అర్థం కాకపోతే రోగి తాలూకు మనిషే అటూ ఇటూ తిరగాలి.

ఆ ఉదయం కాంపౌండరు నా చీటీ తిప్పి తిప్పి చూశాడు. "ఎన్ని మోతాదులో తెలియడం లేదండి. అడిగి రండి."

వెళ్లాను. డాక్టరు తలెత్తలేదు. "చదవడం రానివాడు కాంపౌండరెలా అయ్యాడట మాష్టారూ? కళ్లు తెరిచి చూడమనండి."

ఆ మాట మోయలేక, "మళ్లీ చూడమన్నారండి" అన్నాను.

కాంపౌండరు నవ్వాడు. "చెబితే ఆయనగారి నోరు అరిగిపోతుంది కాబోలు. నాకు తోచినట్టే చేస్తాను."

సీసాలో మందు పోసి, కాగితం మడిచి, మోతాదుకో గంటు కత్తిరించి, నా ఎదుటే లెక్కపెట్టి, ఒక్కో గంటు దాకా ఒక్కో మోతాదని తెలిసేలా సీసాకి అంటించాడు. ఆరు. నేనూ లెక్కపెట్టాను.

సీసా చేతిలోంచి దించకుండా ఆడవాళ్ల వార్డుకి తీసుకెళ్లాను. నర్సమ్మ వెలుతురుకెత్తి చూసి, "పన్నెండు మోతాదులండి" అంది.

లాక్కుని చూశాను. పన్నెండు గంట్లు. ఒకటే కాగితం, అతుకు లేదు. జిగురింకా తడిగానే ఉంది.

ఆవిడ ఆ లెక్కనే మందు పోసింది. మర్నాడు డాక్టరుని అడిగితే, రాసింది పన్నెండేనన్నాడు. అదే మందు ఆరు చేసి, పూటకి రెట్టింపు పోస్తే ఏమయ్యేదన్నాను.

"గుండె ఆగిపోయేది," అన్నాడు, వాన పడేది అన్నంత మామూలుగా.

ఒళ్లు మండిపోయింది. ఇద్దరి మీదా పైవాళ్లకు రాశాను. విచారణకొచ్చిన పెద్ద డాక్టరు సీసా తెప్పించాడు. చీటీలో పన్నెండు, సీసా మీద పన్నెండు. "పొరపాటెక్కడుంది మాష్టారూ?" అన్నాడు. కాంపౌండరు పన్నెండే కత్తిరించానన్నాడు. అంతవరకు అతని మొహం చూడని డాక్టరు, "మావాడు చాలా నిక్కచ్చి మనిషండి" అన్నాడు. ఆ ఒక్కపూట ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

బయటికొచ్చాక కాంపౌండరు నా పక్కన గొణిగాడు. "నేను కత్తిరించింది ఆరేనండి. మీరూ చూశారుగా."

"లోపలికెళ్లి చెప్పండి" అన్నాను. వెళ్లలేదు.

నా భార్య నడిచి ఇంటికొచ్చింది. చుట్టాలు ఎవరెవరికో మొక్కులు తీర్చమన్నారు. తీర్చలేదు. ఆ వరండాలో ఏం జరిగిందో నేటికీ చెప్పలేను. ఆమెను బతికించిందేదో, అదే ఆ డాక్టరునీ కాంపౌండరునీ శిక్ష పడకుండా కాపాడింది. అదేమిటో తెలిసినా, దానికి దండం పెట్టను.