మూట పట్టని గాలిదారి

అమ్మిరాజు రైల్వేవాళ్ళ బిడ్డ. తండ్రి విజయనగరం నుంచి బదిలీ మీద రాయపూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. కొడుకు మాత్రం డిప్లొమా చదివి, దుకాణాలకూ ఆఫీసులకూ ప్లాన్లు గీసే పని పెట్టుకున్నాడు. కరెంటు లేకపోతే లోపల మనిషి నిలవలేని కట్టడాన్ని చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడైతే ఆ మాటకి పెద్ద పెద్ద పేర్లు తగిలించి సభలు జరుపుతున్నారు గానీ, ఆ రోజుల్లో వినే నాథుడే లేడు.

ఆ పిచ్చి పట్టించినవాడు సూరిబాబు. అమ్మిరాజు భార్య దాలమ్మకి తమ్ముడు. తల్లి పోతే అక్కే పెంచింది. రాయపూర్ బట్టల బజారు పండరీలో ఒక కొట్టు, పైన రేకులు, లోపల తెల్ల పరుపుల మీద చీరలు విప్పి చూపించే పని అతనిది. చీర విప్పితే ఫ్యాను ఆపాల్సిందే, లేకపోతే బట్ట ఎగిరిపోతుంది. ఒక ఎండాకాలం బేరం మధ్యలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె బలహీనంగా ఉంది, ఇంకోసారి వడదెబ్బ తగిలితే తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. పని మానెయ్యమని దాలమ్మ ఏడ్చింది. చీర తప్ప ఇంకేమీ తెలియనివాడు మానేసి ఏం చేస్తాడు?

సరిగ్గా అప్పుడే కొట్టు సేఠ్ రేకులు పీకించి మూడంతస్తులు కట్టాలనుకున్నాడు. ఎవరూ పిలవకుండానే అమ్మిరాజు వెళ్ళి కూర్చున్నాడు. పడమటి ఎండకి మెట్లూ గోదామూ అడ్డం పెట్టాడు. రంగు చూసుకోవడానికి చీర పట్టుకుని వీధిలోకి పరిగెత్తక్కర్లేకుండా, ఉత్తరపు వెలుతురు నేరుగా పరుపుల మీద పడేలా చేశాడు. నడిమధ్యన కింద నుంచి కప్పు దాకా గది వెడల్పున ఒక ఖాళీ వదిలాడు. వెనక సందులోని నీడగాలి దాని అడుగునుంచి లోపలికొచ్చి అంతస్తులన్నీ తిరుగుతుంది, వేడి పైనుంచి పోతుంది. అదే గాలిదారి.

మొదటి వేసవి సూరిబాబు మేడమీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఇంటికొచ్చి, "బావా, సొక్కా తడవనేదు" అన్నాడు. అమ్మిరాజు ఆ రోజు పడ్డ సంతోషం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

మరుసటేడు వ్యాపారం ఊపందుకుంది. ఇక్కడ పెళ్ళిళ్ళన్నీ వైశాఖంలోనే, నెత్తిన నిప్పులు కురిసేటప్పుడే. పెళ్ళి సరుకు కూడా అప్పుడే వచ్చి పడుతుంది. బట్టల వ్యాపారి కంటికి ఖాళీ జాగా కనబడితే నిద్రపట్టదు. పైగా గాలిదారి అడుగు శుభ్రంగా, పొడిగా ఉంది. సూరిబాబే దగ్గరుండి అందులో మూటలు పేర్పించాడు.

అమ్మిరాజు చూసి మండిపడ్డాడు. "ఒరే, అది నీ ముక్కురా. మూసేసుకుంతావేటి?"

"పెళ్ళి లగన్లు అయ్యీదాకా బావా. సేఠ్‌జీ మాట ఎలా కాదంతాం? రేపు కొన్ని అక్కణ్ణించి హటాయించేస్తాలే."

అమ్మిరాజు నమ్మాడు. మర్నాడు తిల్దాలో రైసుమిల్లు ఆఫీసు పని ఉంటే బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నానికి మూటలు ఇంకా కదల్లేదు, మేడనిండా పెళ్ళివాళ్ళు, ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. సూరిబాబు ఎర్ర చీర ఒకటి విప్పుతూ విప్పుతూ దానిమీదకే ఒరిగిపోయాడు. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

అమ్మిరాజుని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. దాలమ్మ కూడా అనలేదు, అదే అతన్ని తినేసింది. తమ పెళ్ళి కూడా జరిగింది వైశాఖంలోనే. పెళ్ళిచీర కొన్నది ఆ పండరీలోనే, చెమటలు కక్కుతూ. "నేను ఎండని లెక్కేశాను గానీ పెళ్ళిళ్ళని లెక్కెయ్యలేదే" అని తలుచుకుని తలుచుకుని కుమిలిపోయేవాడు.

తరవాత అభన్‌పూర్ దాకా ఎన్నో కట్టడాలు గీశాడు. ఎక్కడా గాలిదారి వెడల్పుగా వదల్లేదు. సన్నటి చీలికలుగా విడగొట్టేవాడు. గోడ పూత పూయకముందు హమాలీ చేత బట్టల మూట తెప్పించి, ప్రతి చీలికలోకీ తోయించేవాడు. దూరకపోతేనే పూతకి సరే అనేవాడు. మేస్త్రీలు నవ్వుకునేవాళ్ళు. అతను కారణం చెప్పేవాడు కాదు.

అమ్మిరాజు జుట్టు నెరిశాక, సేఠ్ కొడుకు పండరీ భవనాన్ని బాగుచెయ్యమని పిలిచాడు. గాలిదారి ఖాళీ చేయించి, చీలికలు కట్టించి, మూట తోయించి చూశాడు. దూరలేదు. మళ్ళీ వైశాఖం వచ్చాక దాలమ్మని తీసుకెళ్ళాడు. అన్నేళ్ళలో ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

మేడమీద పెళ్ళివాళ్ళు కిటకిటలాడుతున్నారు. కరెంటు పోయింది. ఎవరూ పట్టించుకోలేదు, బేరాలు సాగుతూనే ఉన్నాయి. తమ్ముడు కూర్చునే చోట పరుపు మీద దాలమ్మ కూర్చుంది. గోడలోంచి చల్లటి గాలి వచ్చి ముఖానికి తగిలింది. ఆవిడ కళ్ళు మూసుకుంది, నీళ్ళు ఆగలేదు. అమ్మిరాజు తల వంచుకుని నిలబడ్డాడు.

సేల్స్‌మన్ ముందుకొచ్చి కూర్చుని, చీరమీద చెయ్యేసి, ఏం చూపించమంటారని హిందీలో అడిగాడు. "మాజీ, క్యా దిఖాఊఁ?"

"ఏటీ వద్దు బాబూ," అంది దాలమ్మ తెలుగులోనే. "కాసేపు ఇక్కడ కూకుంతాను."