పిలుపు వస్తే వెలిగే లైటు

ఇస్రాయేలు ఇరవై రెండేళ్లు క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టాడు. ఆ పని వదిలాక చేతుల వణుకు తగ్గింది కానీ మిషన్ రొదకు పోయిన వినికిడి తిరిగి రాలేదు. ఇప్పుడు భువనగిరి దగ్గర ఒక కంకర క్రషర్‌లో ఆయనది కూర్చొని చేసే పని. రేకుల కేబిన్‌లో స్విచ్చుల ముందు ఉండాలి. గోడకు బిగించిన పాత వైర్‌లెస్ సెట్టులో "ఆపు" అని కింద పనిచేసేవాళ్ల పిలుపొస్తే రాళ్లు మోసే బెల్టు ఆపాలి, "నడుపు" అంటే నడపాలి.

వేసవిలో ఒకరోజు ఆ పిలుపు ఆయనకు వినబడలేదు. ఇరుక్కున్న రాయి తీయబోయిన మనిషి, బెల్టు ఇంకా తిరుగుతుండటం చూసి వెనక్కి దూకాడు. సూపర్‌వైజర్ గోపాల్ మెట్లెక్కి వచ్చాడు.

"గింత మొత్తుకున్నా ఇనవడ్తలేదా పెద్దమనిషీ? ఇంకోపారి గిట్లైతే నీ జాగల వేరేటోన్ని కూసోబెడ్త."

ఆదివారం క్రషర్‌కు సెలవు. ఇస్రాయేలు సెట్టును తువ్వాలలో చుట్టుకొని, కిందివాళ్లు పిలవడానికి వాడే వాకీటాకీ కూడా ఒకటి పట్టుకొని, చర్చి నుంచి నేరుగా నా రిపేరు దుకాణానికి వచ్చాడు.

"పెద్ద స్పీకరు పెట్టాల్నా అన్నా?" చెవి దగ్గర అరిచాను.

"స్పీకరెందుకు తమ్మీ, లైటు పెట్టు. ఇంట్ల మీ వదిన నాగులమ్మ నన్ను నోటితోని పిలుస్తదనుకున్నవా? కరెంటు బుగ్గ ఆర్పి ఎలిగిస్తది. రెండేండ్ల సంది గదే పిలుపు."

పిలుపు వచ్చిందని లైటు చెబుతుంది, ఏం పిలుపో ఎలా చెబుతుంది? అదీ ఆలోచించే వచ్చాడు. కిందివాళ్లు బటన్ ఒకసారి పొడుగ్గా నొక్కితే ఆపు, రెండుసార్లు టకటకా నొక్కితే నడుపు.

స్పీకరు వైర్ల మీద మోటార్‌సైకిల్ ఎర్ర లైటు ఒకటి వెలిగేలా చేసి ఇచ్చాను.

బుధవారం దుమ్ము ముఖంతోనే, సెట్టూ వాకీటాకీ పట్టుకొని మళ్లీ వచ్చాడు. "నీ దుకాణంల మంచిగనే ఎలిగింది. ఆడ సచ్చింది."

ముందు షిఫ్టు మనిషి సౌండు తగ్గించి పోయాడట; స్పీకరుకు పోయే కరెంటూ తగ్గి లైటు వెలగలేదు. తగ్గిందని ఈయనకు తెలిసేదెలా? కింద ఎవరో జెండా ఊపడం కిటికీలోంచి కనబడి, బెల్టు ఆపి బయటపడ్డాడు.

తప్పు నాది. వినలేని మనిషికి లైటు పెడుతూ, వినేవాళ్లు తిప్పే బటన్‌కు దాన్ని అప్పగించాను.

సెట్టు విప్పాను. పిలుపు లేనప్పుడు వచ్చే బుస్సుమనే రొదను సెట్టు లోపలే మూసి ఉంచుతుంది, పిలుపు తగలగానే స్పీకరుకు దారి తెరుస్తుంది. ఆ తెరిచే చోటుకు సౌండు బటన్‌తో పనిలేదు. చేతిలో ఆ సెట్టు సర్క్యూట్ పటం లేదు కనుక, మీటరుతో దాన్ని వెతకడానికి మూడు గంటలు పట్టింది. అక్కడుండేది సన్నటి కరెంటు. లైటు దాన్ని నేరుగా లాగితే సెట్టే మూగబోతుంది. మధ్యలో, ఆ సన్నటి కరెంటు సైగతోనే లైటును వెలిగించే ఒక ట్రాన్సిస్టర్ పెట్టాను. సౌండు పూర్తిగా తగ్గించి, వీధి చివరికి పోయి వాకీటాకీ బటన్ నొక్కాను. తిరిగొచ్చేసరికి ఇస్రాయేలు సెట్టును తువ్వాలలో చుడుతున్నాడు. వెలిగిందా అని నేను అడిగే పని లేకపోయింది.

మర్నాడు గోపాల్ కింద నిలబడి ఐదుసార్లు పరీక్షించాడు. ఐదుసార్లూ బెల్టు మాట విన్నది.

"సరే, ఉండనీ," అన్నాడు.

రెండు నెలల తర్వాత వేరే పని మీద అటు పోయి కేబిన్‌లోకి తొంగిచూశాను. ఇస్రాయేలు అన్నం తింటున్నాడు. చెయ్యి గిన్నెలో తడుముకుంటోంది, చూపు లైటు మీదే ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి.

"జర గిన్నె దిక్కు చూసుకొని తినరాదే," అని అరిచాను.

"ఎట్ల చూడాలె తమ్మీ? ఇంతకుముందు కండ్లన్న నిమ్మలంగ ఉండె. ఇప్పుడు వాటికి గూడ డ్యూటీ పడ్డది."

లైటు వెలిగింది, పొడుగ్గా. ఎంగిలి చెయ్యి గాలిలో ఉంచి, రెండో చేత్తో బెల్టు ఆపాడు.